పరీక్ష రోజున రాని మెంతుల వాసన

ముందు పోయినవి లెక్కపెడతాను. ఎనిమిది నెలల్లో, ఒక్క మనిషి విషయంలో పోయినవి.

మెంతులు పదమూడు కేజీల తొమ్మిది వందల యాభై గ్రాములు. ఒంటి బరువు ఆరు కేజీలు. మగ్గం మీదే చెడిపోయిన పట్టుచీరలు రెండు. మధ్యలో లేచి పరిగెత్తిన పెళ్లి భోజనాలు మూడు. మూడింటిలోనూ పాయసం దాకా పోలేదు గనుక అది లాభమేనని ఆయన భార్య వాదన. వీధిలో ఉన్న మంచి పేరు ఒకటి. దానికి బదులు ‘ఊరగాయ మామ’ అనే కొత్త పేరు వచ్చింది. నేను ఆయన చేతి నుంచి తీసిన రక్తం పది మిల్లీలీటర్లు, అందులో ఆరు శుద్ధ దండగ. ఇక నా వైపు నుంచి పోయింది, నేను వేసిన అంకెకు తిరుగులేదన్న పొగరు. దాన్ని తూచే త్రాసు నా దగ్గర లేదు.

నేను హిందూపురంలో రక్తపరీక్షల పని చేసినవాణ్ణి. ఇల్లు పెనుకొండ. తొంభైల మొదట్లో చేరి పంతొమ్మిదేళ్లు చేశాను. రక్తంలో చక్కెర కొలిచే కలరీమీటరు ముల్లు ఏ గీత మీద ఉందో నా కళ్లు ఖచ్చితంగా చెప్పలేకపోతున్నాయని తెలిసిన వారమే మానేశాను. నాకు డిప్లొమా లేదు. గాజు గొట్టాలు కడుగుతూ పని నేర్చుకున్నాను. లెక్కలు చిన్నప్పటి నుంచీ నా సొంత పిచ్చి. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలకు మంచి యంత్రాలున్నాయి, అవి నాకంటే బాగా లెక్క కడతాయి. యంత్రం అడగలేనిది ఒకటుంది. దాని కోసం ఇది రాస్తున్నాను.

గొట్టాలు కడిగిన చోట

నా మొదటి యజమాని పెద్ద చదువు లేనివాడు, కానీ చేతి శుభ్రం గలవాడు. ఆయన నాకు నేర్పింది ఒకే ముక్క: “అంకె చూడప్పా, మొగం చూడాకు. మొగం చూస్తే చెయ్యి వణుకుతాది, చెయ్యి వణికితే అంకె మారుతాది.”

ఆయన అలా అనడానికి కారణముంది. మా ఊళ్లో షుగరు అంకెను కూడా సంతలో వంకాయల్లాగా బేరమాడేవాళ్లు. ఒక బెల్లం మండీ ఆసామి నా చేతిలోని చీటీ చూసి, “రెండొందల పదా? ఏందప్పా ఇది, నూట ఎనభైకి చేసుకో, నీ మాటా వద్దు నా మాటా వద్దు” అన్నాడు. మా యజమాని లోపలి నుంచే, “ఈడ ఒకటే రేటు సామీ” అని అరిచాడు. ఇంకొకాయన తన మూత్రం బదులు కోడలి మూత్రం తెచ్చి, అందులో చక్కెర లేదని సంబరంగా ఊరంతా మిఠాయి పంచాడు. మిఠాయి తనూ తిన్నాడు. మర్నాడు రక్తం తీస్తే పట్టుబడ్డాడు.

ఇలాంటివాళ్ల మధ్య మొహం చూడకుండా అంకె చూడటం మంచి అలవాటే. ఆ అలవాటుతోనే ఐదేళ్లు నెగ్గుకొచ్చాను. జనం మమ్మల్ని మోసం చేయడానికి వస్తారు, మేము పట్టుకోవాలి: నా దృష్టిలో వృత్తి అంటే అదే. మోసం చేయకూడదని వచ్చేవాళ్లు ఎంత ప్రమాదమో నాకు అప్పటికి తెలియదు.

ఒక స్పూను

తర్వాత నేను హిందూపురంలోనే ఒక డాక్టరుగారి దగ్గర చేరాను. ఆయన ఆసుపత్రి మెట్ల కింది గదిలో నా పని. ఆయన ప్రతి గురువారం ధర్మవరంలో ఒక అద్దె గదిలో రోగులను చూసేవారు. నేను పొద్దున్నే పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి, ఐసు డబ్బా, సిరంజీల సంచితో పోయేవాణ్ణి. పరగడుపున వచ్చినవాళ్ల రక్తం తీసి, మధ్యాహ్నం బండిలో హిందూపురం చేర్చి, సాయంత్రానికి అంకెలు వేసేవాణ్ణి.

ఓబులప్ప అలా వచ్చినవాడే. యాభై ఐదేళ్ల నేతగాడు. ఇంట్లోనే గుంత మగ్గం. పట్టు మాత్రం షావుకారుది. మాట తక్కువ. ఆ తక్కువైన మాటలన్నీ ఆయన భార్య రామక్క దగ్గర ఉండేవి.

మొదటి పరీక్షలో పరగడుపు అంకె రెండు వందల పన్నెండు. మరుసటి గురువారం డాక్టరుగారు ఆ చీటీ చూసి రోజుకొక మాత్ర రాశారు. బయటికొచ్చాక రామక్క నన్ను పట్టుకుంది.

“ఏమప్పా మస్తానూ, మాత్రతో పాటు ఇంట్లో చేసుకునేది ఏమన్నా ఉండాదా?”

నాకు బండి టైమైపోతోంది. “మెంతులు మంచివంటారక్కా. దినానికి ఒక స్పూను నానబెట్టి ఇయ్యి” అన్నాను.

అంతే. నా వైద్యం మొత్తం ఆ ఒక్క వాక్యం. డాక్టరుగారిని అడిగి వేసుకో అనలేదు. మాత్రతో కలిస్తే రెండూ ఒకే పని చేస్తాయి, చక్కెర మరీ కిందికి పడొచ్చు అని చెప్పలేదు. ఎందుకంటే మెంతులు మందని నేనే అనుకోలేదు. పోపుల డబ్బాలో ఉండేది మనిషిని ఏం చేస్తుందిలే అనుకున్నాను.

పైకే పోయే అంకె

రెండు నెలలకు అంకె రెండు వందల ఇరవై ఆరు. మాత్ర ఒకటిన్నర అయింది. మరో రెండు నెలలకు రెండు వందల నలభై ఒకటి, మాత్రలు రెండు. ఆరో నెలలో రెండు వందల అరవై ఎనిమిది, రెండున్నర.

మా డాక్టరుగారి గురించి ఉన్నమాట చెప్పాలి. పేదవాళ్లను కసురుకోకుండా చూసేవారు, అర్ధరాత్రి పిలిచినా పోయేవారు. కానీ గురువారం ఆ గదిలో అరవై మంది ఉంటే ఆయన చూసేది నా చీటీనే. అంకె పెరిగితే మాత్ర పెంచేవారు. నా చీటీ తప్పు కాదు గనుక ఆయన చేసింది తప్పు కాదని ఇద్దరం అనుకునేవాళ్లం.

ఇంతలో ఓబులప్పకు వింత జబ్బొకటి పట్టుకుంది. పొద్దున పదకొండు ప్రాంతంలో మగ్గం మీద కూర్చున్నవాడికి ఉన్నట్టుండి చెమటలు, వణుకు, చూపు మసక. పిలిస్తే పలకడు. చేతిలోని నాడె, అడ్డపోగు వేసేది, ఎటో పోతుంది, పట్టు పోగులు పుటపుటా తెగుతాయి. అలా రెండు చీరలు చెడిపోయాయి. విరేచనాలు, కడుపుబ్బరం సరేసరి. వీధిలో మూర్ఛ అన్నారు. డాక్టరుగారు కూడా అదేనేమోనని బెంగుళూరు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చారు.

షావుకారు చెడ్డవాడు కాదు, కానీ పట్టు ఆయనది. సోమవారం వచ్చి మగ్గం మీది పడుగు, నిలువు పోగులన్నీ, కోయించి ఇంకొకరికి ఇస్తానని చెప్పిపోయాడు. మూర్ఛ మనిషి అని ఒకసారి ముద్ర పడితే ధర్మవరంలో ఆ చేతికి మళ్లీ ఎవరూ పట్టు ఇవ్వరు. ఓబులప్పకు వేరే పని రాదు.

చీర చూడటానికి పోయి

ఆ సోమవారానికి ముందు గురువారం. డాక్టరుగారి పని తొందరగా అయింది. మా ఆవిడకు ఒక చీర కొందామని అనుకుంటున్నాను. మగ్గం మీదున్న రంగు చూసిపోదామని ఓబులప్ప ఇంటికి నడిచాను. సిరంజీల సంచి భుజాన ఉంది.

గుమ్మం దాటగానే వాసన. ఊరగాయ జాడీ మూత తీసినట్టు, మెంతుల వాసన. వంటింట్లోంచి అనుకున్నాను. మగ్గం దగ్గరికి పోయేకొద్దీ ఎక్కువైంది. అది మగ్గం గుంతలో కూర్చున్న మనిషి చెమట వాసన.

ఓబులప్ప చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చేతులు వణుకుతున్నాయి. “ఓబులన్నా” అంటే నా వైపు చూశాడు గానీ ఎవరో తెలిసినట్టు లేదు.

“సూడప్పా, మళ్లా వచ్చింది మాయదారి మూర్ఛ!” రామక్క గుండెలు బాదుకుంది. “ఇనుప ముక్క యాడ ఉండాదో, చేతిలో పెట్టల్ల!”

“ఇనుము వద్దక్కా, బెల్లం నీళ్లు తే. చిక్కగా. బిన్నె, ఆలస్యం చేయాకు!”

“బెల్లమా? షుగరు మనిషికి బెల్లం పోస్తావా? సంపుతావా ఏందప్పా?”

“షుగరు కిందికి పడినట్లుండాది. నేను చెప్తాండా కదా, తే!”

ఆమె తిట్టుకుంటూనే కలిపింది. ఆ నిమిషంలో నా చేతులు వాటంతటవే సంచి విప్పి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసేశాయి. అలవాటు. ఆయన మింగగలుగుతున్నాడని చూసుకొని కొద్దికొద్దిగా తాగించాను. పది నిమిషాలు దాటాక చెమట ఆరింది. ఓబులప్ప తన మోచేతి మీది దూది చూసుకొని, నన్ను చూసి, ఆ రోజు మొదటిసారి మాట్లాడాడు.

“ఏమప్పా, చీర సూసేకి వచ్చి రక్తం తీస్తివా?”

రామక్క నిజాయితీ

నాకు అంతుపట్టనిది ఒకటే. నాలుగుసార్లు ఈ మనిషి చెయ్యి పట్టుకొని, ఇంత దగ్గరగా వంగి రక్తం తీశాను. ఒక్కసారి కూడా ఈ వాసన రాలేదు.

“అక్కా, ఈ వాసన ఏంది?”

“మెంతులు. నువ్వే చెప్తివి కదా.”

“నేను చెప్పింది ఒక స్పూను.”

“స్పూను చంటిబిడ్డలకు. ఒక స్పూనుకే గుణముంటే గుప్పెడుకు ఎంత గుణముండల్ల? నువ్వు లెక్కల మనిషివి, నీకు తెల్దా?”

“దినానికి ఎన్ని గుప్పెళ్లు?”

“పొద్దున నానబెట్టినవి ఒకటి. మద్యాన్నం మజ్జిగలో పొడి ఒకటి. అవి తిన్నాక ఇంగ ఆకలి కాదంటాడు, సంగటి సగం ఇడిసిపెడతాడు. ఎనిమిది నెలలు, ఒక్క దినం తప్పలే. నీ పరీక్షకు ముందు రెండు దినాలు తప్ప.”

రాసుకుంటున్న నా పెన్ను ఆగింది.

“ఆ రెండు దినాలు ఏంటికి తప్పింది?”

“ఏంటికంటే? మెంతులు ఏసుకొని పోతే రక్తం మంచిగా అగపడదా? అది మోసం కదప్పా! డాక్టరయ్యకు ఉండేది ఉన్నట్ల తెలియల్ల. మాత్ర గూడా నిలిపేస్తాము. వాసన పోయేదాక సున్నిపిండితో రుద్ది రుద్ది నీళ్లు పోస్తా. మర్నాడు పస్తు కదా అని ఆ ముందు రాత్రి మాత్రం కడుపునిండా పెడతా, పాపం.”

గుంతలోంచి ఓబులప్ప అన్నాడు: “ఆ ఒక్క రాత్రే నాకు పండగ.”

బేరమాడినవాళ్లను పట్టుకున్నాను, కోడలి మూత్రం తెచ్చినవాణ్ణి పట్టుకున్నాను. ఇంత నిజాయితీని మాత్రం పట్టుకోలేకపోయాను. వీళ్లు ప్రతిసారీ నాకు చూపించింది మందూ లేక, మెంతులూ లేక, నిండా తిన్న ఓబులప్పను. ఆ అంకె చూసి మేము మాత్ర పెంచాం. ఇంటికి పోగానే పెరిగిన మాత్ర, దాని మీద గుప్పెడు మెంతులు, సగం సంగటి వేసుకునేది రోజూ ఉండే ఓబులప్ప. ఆయన రక్తాన్ని నేను అంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు.

“అక్కా, ఆ మెంతులు మాత్రతో కలిసి షుగరును పూరా కిందికి తోస్తాండాయి. మందు మీద మందు పడింది.”

“మందేంటిది? మెంతులు తిండి కదప్పా!”

“తిండైతే పరీక్షకు ముందు ఏంటికి నిలిపినావు?”

రామక్క మెంతుల డబ్బా మూత గట్టిగా బిగించింది.

“నువ్వు దోవ తప్పి సూదుల కాడికి వస్తివి. కోర్టులో ఉండాల్సినోడివి” అంది.

పోతూ ఆమె చేతి గుప్పెడు మెంతులు కాగితంలో పొట్లం కట్టించుకున్నాను. మా త్రాసులో ముప్పై గ్రాములు తూగింది. నేను చెప్పిన స్పూను ఐదు గ్రాములు. అంటే రోజుకు పన్నెండు స్పూన్లు. మొదట్లో నేను చెప్పిన కేజీల లెక్క ఆమె తప్పించిన పదిహేను పూటలు (మూడు పరీక్షలకు ముందు రెండేసి రోజులు, పరీక్ష నాటి పొద్దుటి పూట) తీసేసి వేసిందే, కావాలంటే సరిచూసుకోండి.

నలభై నాలుగు

సాయంత్రం హిందూపురంలో అంకె వేశాను. డెబ్బైకి తగ్గితేనే ప్రమాదమంటారు. నలభై నాలుగు. మళ్లీ చేశాను, నలభై మూడు. ఇంకోసారి, నలభై ఐదు. చీటీ మీద నలభై నాలుగు రాసి డాక్టరుగారి ముందు పెట్టాను.

“రెండొందల అరవై ఎనిమిది మనిషికి నలభై నాలుగా? నీళ్లు కలిసి ఉంటాయి, మళ్లీ చెయ్యవయ్యా.”

“మూడుసార్లు చేసినాను సార్.”

వాసన దగ్గర మొదలుపెట్టి సున్నిపిండి దాకా చెప్పాను. మెంతులు చెప్పింది నేనేనని కూడా చెప్పాను.

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఓహో. నాకు తెలియకుండా మెట్ల కింద నువ్వొక ఆసుపత్రి నడుపుతున్నావన్నమాట.”

“తప్పయింది సార్.”

“నీది ఒక్క వాక్యం. నావి మూడు చీటీలు. ఒక్కసారైనా ఇంకేం తింటున్నావని నేను అడగలేదు.”

యజమాని గొప్పవాడో కాదో ఇలాంటి చోటే తెలుస్తుంది. ఆయన ఆ రాత్రే బెంగుళూరు ఉత్తరం రద్దు చేసి, మాత్ర ఒకటికి తగ్గించి, మెంతులు పూర్తిగా ఆపించి, షావుకారుకు ఇంకో ఉత్తరం రాశారు. శనివారం నేనే తీసుకుపోయాను.

షావుకారు ఉత్తరం రెండుసార్లు చదివాడు. “మూర్ఛ కాదంటారు. మరి ఏంది?”

“మెంతులు.”

“నా రెండు చీరలు తినింది మెంతులా?”

“మెంతులు, మాత్రలు, నేను. ముగ్గురం.”

నవ్వాడు గానీ ఊరికే వదల్లేదు. “పదహైదు దినాలు పడుగు కోయను. అంతలోపల ఒక్కసారి వణికినా నువ్వే జవాబుదారీ.”

ఆ పదిహేను రోజులూ మూడు రోజులకొకసారి ధర్మవరం పోయాను. రామక్కతో ఒకటే మాట: “ఏమీ నిలపాకు. రోజూ ఎట్లుంటాడో అట్లే చూపించు.” పరగడుపున రక్తం తీసేది పొద్దున, మళ్లీ పదకొండింటికి ఒకసారి. పొద్దుటి అంకెలు నూట నలభై దాటలేదు, పదకొండింటివి తొంభై కిందికి రాలేదు. విరేచనాలు ఆగాయి. సంగటి పూర్తిగా తిన్నాడు. ఆరో రోజున ఒకసారి చెయ్యి వణికింది. వెంటనే రక్తం తీశాను. సాయంత్రం అంకె వేస్తే నూట పద్నాలుగు. తర్వాతిసారి పోయి “ఆ పొద్దు ఏమన్నా అయిందా?” అంటే ఓబులప్ప సిగ్గుపడుతూ, “నువ్వు అట్ల గుడ్లప్పగించి చూస్తాంటే ఎవురికైనా వణుకుతాది” అన్నాడు.

పదిహేనో రోజున షావుకారు స్వయంగా వచ్చి, పదకొండు నుంచి పన్నెండు దాకా మగ్గం పక్కన కూర్చున్నాడు. ఒక్క పోగు తెగలేదు. లేచి, గుడ్డ మీద అరచెయ్యి ఒకసారి ఆనించి పోయాడు. మరుసటి పడుగు పట్టు ఆ వారమే వచ్చింది.

అడగాల్సిన మాట

మెంతుల మీద నాకు పగ లేదు. ఇప్పటికీ మా ఇంట్లో పులుసులో పడతాయి. వంటలో వేసే చిటికె వేరు, మందుగా మింగే గుప్పెడు వేరు. మందుగా తిన్నప్పుడు దాన్ని మందులాగే లెక్కపెట్టండి: ఎంత, ఎన్నిసార్లు, దేనితో పాటు. రక్తం తీసేముందు “పరగడుపున వచ్చినారా?” అని మాత్రమే అడిగి వదిలేయకండి. రోజూ వేసుకునేవి ఏమేమిటి, వంటింటి డబ్బాలోవి కూడా చెప్పండి, పరీక్ష కోసం ఏమైనా ఆపారా అని అడగండి. డాక్టరు చెప్పనిదే దేన్నీ ఆపొద్దని చెప్పండి. పావు నిమిషం పని.

ఓబులప్ప సంగతి తేలిన నెలలో నేను పాత రిజిస్టర్లు దించాను. వరుసగా రెండుసార్లు అంకె పెరిగి, మాత్ర కూడా పెరిగినవాళ్ల పేర్లు ఎర్ర సిరాతో తీశాను. ఓబులప్ప కాక ముప్పై ఒక్కరు. వాళ్లలో ఒక్కరిని కూడా నేను ఆ మాట అడగలేదు.

కార్డులు రాశాను. ఆదివారాలు సైకిలు మీద, బస్సులో తిరిగాను. ఇరవై రెండు మంది దొరికారు. ఎనిమిది మంది వంటింట్లోంచి ఏదో ఒకటి గట్టిగా మింగుతున్నారు. మెంతులు, కాకర రసం, దాల్చినచెక్క పొడి. ఆ ఎనిమిదిలో ఐదుగురు మాకు మోసం చేయకూడదని పరీక్షకు ముందు ఆపినవాళ్లే. ఐదుగురినీ చెయ్యి పట్టుకొని డాక్టరుగారి దగ్గర కూర్చోబెట్టాను.

ఇద్దరు పోయారని ఇంటివాళ్లు చెప్పారు. ఒకాయన బుక్కపట్నంలో, ఒకరోజు పొద్దున నిద్ర లేవలేదట. ఆయన భార్య నాకు మంచినీళ్లిచ్చి, ఎందుకొచ్చావప్పా అని అడిగింది. ఊరికే, దోవన పోతూ అన్నాను. మెంతులు తినేవాడా అని అడగడానికి నోరు రాలేదు.

మిగిలినవాళ్లకు రాసిన కార్డులు తిరిగొచ్చాయి. ఒకరు కదిరి వైపు పోయారన్నారు, ఒకరు కూలికి బెంగుళూరు. పని మానేశాక కూడా వెతికాను. ముప్పై ఒకటిలో ఇరవై రెండు, రెండు తీసేస్తే ఏడు. ఆ ఏడుగురిని ఇంకా అడగాల్సే ఉంది.